షాను పంపిందెవరు?



వారం రోజులుగా మన డార్మిటరీలో ఒకటే గొడవ. లైట్లు ఆర్పేశాక కూడా గుసగుసలే. యంత్రం షాను బలి ఇచ్చిందా, లేక షా తనంతట తానే వెళ్లిందా? ఆదివారం కంప్యూటర్ సార్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చూపించిన సీరియల్ భాగం గురించే ఇదంతా.

కథ తెలియని చెల్లెళ్ల కోసం కొంచెం చెబుతాను. ఆ సీరియల్ పేరు ‘పర్సన్ ఆఫ్ ఇంటరెస్ట్’. 2011 నుంచి 2016 దాకా అమెరికాలో సీబీఎస్ టీవీలో వచ్చింది. మొత్తం 103 భాగాలు. ఫించ్ అనే ఆయన ఒక తెలివైన యంత్రాన్ని తయారు చేస్తాడు. అది ఊళ్లోని కెమెరాలన్నీ చూస్తుంది, ఫోన్లన్నీ వింటుంది. ఎవరికో ప్రమాదం రాబోతోందంటే వాళ్ల నంబరు చెబుతుంది. పేరు చెప్పదు, నంబరే! దానికి పోటీగా సమారిటన్ అని ఇంకో యంత్రం ఉంది. దానికి మనుషుల మీద జాలి లేదు.

మనం చూసిన భాగం ‘ఇఫ్-దెన్-ఎల్స్’. 2015 జనవరి 6న వచ్చింది. ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అని కంప్యూటర్ క్లాసులో రాస్తాం చూడండి, అదే. ఫించ్, అతని స్నేహితులు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో శత్రువుల మధ్య ఇరుక్కుపోతారు. యంత్రం కొద్ది సెకన్లలోనే, ఎటు వెళితే ఏమవుతుందో లోపల లోపలే ఆడి చూసుకుంటుంది. మొదటిసారి ఆడితే ఫించ్ చచ్చిపోతాడు. మన హాల్లో చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. తర్వాత అంతా వెనక్కి వెళ్లి మళ్లీ మొదలైంది. అప్పుడు గానీ అది నిజం కాదని తెలియలేదు.

టైం లేక యంత్రం ఒకసారి మాటలు కూడా కుదించేస్తుంది. ఎవరు ఎలాంటి మాట అంటారో ఆ రకం చెప్పి ఊరుకుంటారు. అక్కడి అభిమానులకు ఈ ముక్క చాలా నచ్చింది. మనకూ నచ్చింది. మర్నాడు మెస్ లైనులో ఒకమ్మాయి “నీళ్లపప్పు గురించి రోజూ చేసే ఫిర్యాదు” అంది. వంట అక్క కూడా తక్కువ తినలేదు, “రోజూ ఇచ్చే జవాబు” అని గరిటె తిప్పింది.

చివర్లో మాత్రం నవ్వు లేదు. లిఫ్టు కదలాలంటే ఎవరో ఒకరు బయటే ఉండి మీట నొక్కాలి. షా తనను ప్రేమించే రూట్‌ను లోపలికి నెట్టేసి తాను పరుగెత్తి నొక్కుతుంది. తూటాలు తగులుతాయి. తలుపులు మూసుకుంటుంటే రూట్ అరుపు, తర్వాత ఒక తుపాకి మోత. అంతే. చచ్చిపోయిందో లేదో చూపించలేదు.

అమెరికాలో అభిమానులు గోల గోల చేశారు. ఏడ్చినవాళ్లు ఏడ్చారు, తిట్టినవాళ్లు తిట్టారు. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకుంటే టీవీలో ఒకరిని చంపేయడం అలవాటైపోయిందని కొందరికి కోపం. ఇంకొందరు శవం చూపించలేదు కాబట్టి బతికే ఉందన్నారు. అసలు సంగతేమిటంటే షా వేషం వేసిన సారా షాహి అప్పుడు నిండు గర్భిణి, కడుపులో కవలలు. ఆమెకు సెలవు కావాలి. ఫిబ్రవరిలోనే షా బతికి శత్రువుల చేతిలో ఉన్నట్టు చూపించారు. కానీ ఒక భాగమంతా ఆమె మళ్లీ కనబడింది 2016 మేలోనే. అభిమానులు ఎగిరి గంతేశారు. తీరా చూస్తే ఆ కథంతా షా తలలో సమారిటన్ ఆడించిన నాటకం! ఇలాంటి మోసం ఒక్కటి చాలు, మా బెంచీ అంతా రెండు రోజులు మాట్లాడుకోవడానికి.

ఇక మన గొడవ. నేను యంత్రం పక్షం. ఎందుకంటే అదే భాగంలో ఫించ్ దానికి పార్కులో చదరంగం నేర్పుతాడు. నేర్పి, ఈ ఆట నాకు నచ్చదంటాడు. ఇందులో రాజు ప్రాణం ఎక్కువ, బంటు ప్రాణం తక్కువ. మనుషులు అలా కాదు అని. మనం వరండాలో సుద్దముక్కతో గీసి ఆడే పులి-మేక కూడా అంతే కదా. 3 పులులు, 15 మేకలు. రెండు మేకలు పోయినా పులిని కట్టేస్తే గెలిచినట్టే. పోయిన మేకల్ని ఎవరూ తలుచుకోరు. ఆ యంత్రం మాత్రం ఒక్కరు పోయినా ఆట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మీట నొక్కమని షాకు అది చెప్పలేదు.

నా పక్క మంచం అమ్మాయి ఒప్పుకోదు. ఆమె ఊరు ప్రాజెక్టు ముంపులో పోయింది. “నొక్కిన చెయ్యి షాదే. దూరంగా ఉన్నదాన్ని అక్కడికి పంపిందెవరు? పదిమంది మంచి కోసమని లెక్క కట్టేవాళ్లు మా ఊరికీ వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. లెక్కలో మేం తక్కువమంది” అంది. నేను ఫించ్ మాటలు మళ్లీ చెప్పాను. “ఆయన లిఫ్టు లోపలున్నాడు కదే” అంది.

రోజూ ఇంతే. నేను నా మాట మీదే ఉన్నాను, ఆమె ఆమె మాట మీదే ఉంది. అందుకని ఈ పేజీ కింద తెల్లకాగితం అంటించి, పెన్సిల్ దారంతో కట్టాం. షాను పంపిందెవరో మీరూ రాయండి. పెన్సిల్ మాత్రం పట్టుకుపోవద్దు, అది లీడరు అక్కది.

– ఒక పదో తరగతి విద్యార్థిని