పత్తర్‌గట్టి రాయి చెప్పే ఇనుప కథ

మదీనా సెంటర్‌ నుంచి చార్మినార్‌ వైపు నాలుగడుగులు వేస్తే చాలు... రోడ్డుకు రెండువైపులా రాతి కమానులు స్వాగతం పలుకుతాయి. వాటి కింద ముత్యాల దుకాణాలు, అత్తరు సీసాలు, పెళ్లి బట్టలు. రంజాన్‌ నెలలో అయితే అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. అదే పత్తర్‌గట్టి. పత్తర్‌ అంటే రాయి. పేరుకు తగ్గట్టే రాతితో కట్టిన బజారు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్‌ బోర్డు ఏర్పడింది. ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ హయాంలో ఆ బోర్డు చేపట్టిన పనుల్లో ఇదీ ఒకటి.

ముత్యాల కోసం వచ్చేవారు రాతిని పట్టించుకోరు. కాస్త ఆగి చూస్తే గ్రానైట్‌లో తెల్లటి గింజల మధ్య నల్లటి చుక్కలు కనిపిస్తాయి. చాలావరకు అభ్రకం లాంటివే. కానీ గ్రానైట్‌లో సాధారణంగా కొద్దిపాటి మాగ్నటైట్‌ కూడా ఉంటుంది. అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం. అలాంటి రాయి ఎండకూ వానకూ నలిగి ఇసుకైతే, ఆ ఖనిజం వాగుల్లో నల్లటి చారలుగా తేలుతుంది. పాత రేడియో స్పీకర్‌లోని అయస్కాంతాన్ని ఇసుకలో దొర్లిస్తే మీసాల్లా అంటుకునే నల్లపొడి అదే! పిల్లలకది ఆట. ఒకప్పుడు తెలంగాణ కమ్మరులకు అదే బతుకుతెరువు.

కత్తి వెనక కష్టం

పత్తర్‌గట్టి పక్కనే సాలార్‌జంగ్‌ల నివాసం దివాన్‌ దేవిడీ ఉండేది. 1951లో సాలార్‌జంగ్‌ మ్యూజియం మొదలైంది అక్కడే. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి మారింది. అక్కడి ఆయుధాల గదిలో కత్తుల ముందు సందర్శకులు ఆగిపోతారు. ఆ కాలపు మేలైన కత్తులకు మూలం తెలంగాణ ఉక్కు కూడా. డమాస్కస్‌ కత్తులకు వాడే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వెళుతోందని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్‌ రాశాడు. మన ‘ఉక్కు’ మాటే పాశ్చాత్యుల నోట ‘వూట్జ్‌’ అయిందంటారు.

దానికి పేరుపడ్డ ఊరు నిజామాబాద్‌ జిల్లా కోనసముద్రం. 1820ల్లో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీకి, సరకు కోసం ఇరాన్‌ నుంచి వచ్చిన వర్తకులు ఎదురయ్యారు. అక్కడివారు రెండు రకాల ఇనుమును పాళ్లు చూసి మూసలో కలిపేవారనీ ఆయన రాశాడు.

చిత్రమేమిటంటే ఆ ప్రాంతంలో దొరికే ఖనిజం గొప్పదేం కాదు. మాగ్నటైట్‌ గింజలు రాతిలో చెదురుమదురుగా ఉంటాయి. అందుకే రాయిని దంచి, పారే నీటిలో కడిగేవారు. ఇనుప గింజ మామూలు ఇసుక రేణువు కంటే దాదాపు రెట్టింపు బరువు. తేలికైన ఇసుక కొట్టుకుపోతుంది, నల్లపొడి అడుగున మిగులుతుంది. బియ్యంలో రాళ్లు గాలించినట్టే. ఆ తర్వాతే కొలిమి, తిత్తులు, మూస.

గాలించడమే... యంత్రాలతో

ఇప్పటి ఇంజినీర్లు చేసేదీ అదే. మాసబ్‌ట్యాంక్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీకి పరిశోధన కేంద్రం ఉంది. నాసిరకం ఖనిజం చేతికొస్తే ముందుగా దాని జాతకం చూస్తారు. ఇనుము ఎంత? సిలికా, అల్యూమినా ఎంత? గింజలు ఏ సైజులో ఇరుక్కుని ఉన్నాయి? ఎంత మెత్తగా నూరితే విడివడతాయి? సూక్ష్మదర్శిని, ఎక్స్‌రే పరికరాలు వీటికి జవాబులిస్తాయి. ఆ తర్వాతే బరువును బట్టో, అయస్కాంతంతోనో, నురగ మీద తేల్చో వేరుచేస్తారు. మరీ మెత్తని పొడిని ఉండలు చుట్టి, కాల్చి, కొలిమికి పంపుతారు.

ఇది సాధ్యమేనని కర్ణాటకలోని కుద్రేముఖ్‌ చూపించింది. దాదాపు 38 శాతం ఇనుమున్న ఖనిజాన్ని అక్కడ 67 శాతానికి చేర్చారు. అయితే నూరడానికి కరెంటు, కడగడానికి నీళ్లు కావాలి. మిగిలిన బురదను ఎక్కడో నిల్వ చేయాలి. అడవికీ నదికీ ముప్పన్న వివాదం ముదిరి, సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివర్లో అక్కడ తవ్వకాలు ఆగిపోయాయి.

బయ్యారం ఆశ

ఈ లెక్కలు తెలంగాణకు కొత్త కావు. 2014 విభజన చట్టంలో, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో సెయిల్‌ పరిశీలించాలని రాశారు. అందరి చూపూ ఇప్పుడు మహబూబాబాద్‌ జిల్లాలో ఉన్న బయ్యారం వైపు మళ్లింది. ఉద్యోగాలొస్తాయని చుట్టుపక్కల కుటుంబాలు ఆశపడ్డాయి. దశాబ్దం దాటినా కర్మాగారం రాలేదు. ఖనిజంలో నాణ్యత చాలదన్నది కేంద్రం మాట. అలాగైతే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి తెప్పించండన్నది ఇక్కడి నేతల వాదన. నాసిరకం అన్నంత మాత్రాన పనికిరానిదని కాదు. శుద్ధికి అయ్యే ఖర్చు, నీళ్లు, మిగిలే బురద... వాటన్నిటినీ ఆ రాయి మోయగలదా అన్నదే అసలు ప్రశ్న. జవాబు ఆశలోనూ లేదు, వాగ్దానంలోనూ లేదు. రాయిని పరీక్షించి, ఆ లెక్కలను జనం ముందుంచితేనే తేలుతుంది.

సాయంత్రమయ్యేసరికి పత్తర్‌గట్టిలో దీపాలు వెలుగుతాయి. కమాను కింద ముత్యాల వ్యాపారి తెల్లగుడ్డ మీద రాశి పోస్తాడు. సైజు, గుండ్రన, మెరుపు చూసి వేరుచేస్తాడు. సన్నవాటినీ వంకరవాటినీ పారేయడు, వాటి దారి వాటికుంది. ముందు ఏరాలి... వెల కట్టేది ఆ తర్వాతే!