వీణాభ్యాసము – ఇంటి సాధన

బెంగుళూరున తరతరములుగా స్థిరపడిన మా తెలుగు కుటుంబములలో పిల్లలకు ఇంటివద్దనే వీణ చెప్పించు వాడుక నేటికిని కలదు. గురువుగారు వారమునకు రెండు మారులు వత్తురు. తక్కిన దినములందు సాధన చేయించు భారము మాది; చిక్కంతయు అచ్చటనే.

16వ శతాబ్దమున హంపిలో వసించిన పురందరదాసుల పేర వాడుకలోనున్న సరళీస్వరములను మాయామాళవగౌళలో 3 కాలములందును పలికింపవలెను. పిల్లలకు మూడవ కాలముపైననే మోజు. తప్పిన మెట్టువద్ద ఆగక, వరుస నంతయు మరల మొదటినుండి వాయింతురు. వచ్చినది పదిమారులు వచ్చును. రానిది రానట్లే యుండును. గురువుగారు తప్పిన రెండు స్వరములను మాత్రము విడదీసి, తాళము వేయుచు, మిక్కిలి మెల్లగా వాయింపించిరి. పావుగంటలో చేయి కుదిరినది.

కృతులకు వచ్చునప్పటికి కష్టము వేరు. వీణపై మీటు సాహిత్యాక్షరము ననుసరించును. దీర్ఘము సాగుచోట మరల మీటినచో ఒక్క అక్షరము రెండైనట్లు వినబడును. మా గురువుగారు కన్నడిగులు. త్యాగరాజకృతిని కన్నడలిపిలో వ్రాసి యిత్తురు. మా పిల్లలకును తెలుగు లిపి రాదు, మాటల అర్థమును అంతంతమాత్రమే. అందుచే అవ్వగారు పల్లవిని మాట మాటగా విడదీసి చెప్పగా, పిల్లలు నోట పాడి, పిమ్మటనే వీణ ముట్టుచున్నారు. మీటులు చాలవరకు తమంతట సరిపడినవి.

అవ్వగారికి ముదిమిలో ఉద్యోగము దొరికినది! గురువుగారు సయితము అప్పుడప్పుడు పాఠ మాపి, ఆమెను అర్థ మడుగుచుందురు.