నక్షత్రం నోటు, మొహం నోటు, కోకో నోటు

పై దేశాల పాత నోట్లు పోగెయ్యాలని ఉంది, ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు అని ఎవరడిగినా నేను ఘానా పేరే చెబుతాను. ఎందుకంటే 1958 నుంచి 1967 దాకా, తొమ్మిదంటే తొమ్మిదేళ్లలో ఆ దేశం మూడు రకాల నోట్లు వేసింది. మూడింటిలోంచి ఒక్కో చిన్న నోటు సంపాదించి బల్ల మీద వరసగా పెట్టుకోండి. ఇక ఆ రాత్రి మీకు నిద్ర పట్టదు.

మొదటిది నక్షత్రం నోటు. 1957 మార్చి 6న గోల్డ్‌కోస్ట్ పేరు పోయి ఘానా అయింది. జెండా ఆ రోజే మారింది గానీ జేబులో డబ్బు మారలేదు. పశ్చిమాఫ్రికా కరెన్సీ బోర్డని ఒకటుండేది. 1912లో పెట్టారు. లండన్‌లో కూర్చుని నైజీరియా, గోల్డ్‌కోస్ట్, సియెర్రా లియోన్, గాంబియా నాలుగింటికీ అదే డబ్బు వేసి పంపేది. ఏడాది దాటాక, 1958 జులైలో, బ్యాంక్ ఆఫ్ ఘానా సొంత నోట్లు తెచ్చింది. వెనక నక్షత్రం ఉన్న పది షిల్లింగులు, ఒక పౌను, అయిదు పౌన్లు. బ్యాంకులు తమలో తాము లెక్కలు తీర్చుకోవడానికి వెయ్యి పౌన్ల నోటు కూడా వేశారు, దాని జోలికి మనం వెళ్లొద్దు. విలువ మాత్రం ఇంగ్లండు పౌనుతో సరిసమానం.

నాకు ప్రాణమైనది అందులో ఒక పౌను నోటు. ఇటుక రంగు, నీలం కలిసి ఉంటుంది. ముందు వైపు అక్రాలోని బ్యాంకు భవనం, వెనక్కి తిప్పితే రెండు కుప్పలుగా పోసిన కోకో కాయలు. అప్పట్లో ప్రపంచంలో కోకో ఎక్కువగా పండించేది ఘానాయే. తెత్తే క్వాషీ అనే ఆయన 1870ల్లో ఫెర్నాండో పో దీవి నుంచి కోకో తెచ్చి నాటాడని అక్కడ బడిపిల్లలు కూడా చెబుతారు. నా దగ్గరున్న నోటు నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడత పడింది. రెండు మడతలూ కలిసేచోట కాగితం అరిగి, దీపానికి ఎదురుగా పడితే సూది మొనంత వెలుతురు కనిపిస్తుంది. అంచున ఎవరో సిరాతో ఏదో కూడిక వేసుకున్నారు. కొత్త నోటైతే, నోట్లు పోగేసే మావాళ్లు యూఎన్‌సీ అంటారే అలాంటిదైతే, ధర ఎన్నో రెట్లు పలుకుతుంది. అయినా ఈ నలిగిన నోటే నాకు ముద్దు. కోకో అమ్ముకున్న రైతు చేతి మీదుగా వచ్చిందేమో, ఎవరికి తెలుసు!

ఇంకో సంగతి గమనించండి. ఈ నోట్ల మీద మనిషి బొమ్మ లేదు. నాణేల సంగతి వేరు. రాణి తల తీసేసి తన తల వేయించుకున్నాడు ప్రధాని క్వామె ఎన్‌క్రుమా. గొడవైంది. మా జనంలో చాలామందికి చదువు రాదు, స్వాతంత్ర్యం వచ్చిందని వాళ్లకు బొమ్మ చూస్తేనే తెలుస్తుంది అని ఆయన జవాబు. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది. మనవాళ్లు రాజు బొమ్మ తీసేసేటప్పుడు గాంధీగారి బొమ్మ వెయ్యాలని మొదట అనుకుని, చివరికి అశోకుడి సింహాలకే వచ్చారు. 1949 నాటి రూపాయి నోటు మీద ఉన్నవి అవే.

రెండోది మొహం నోటు. 1965 జులైలో పౌను పోయి సెడీ వచ్చింది. ఈ లెక్క భలే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. పౌనుకు 240 పెన్నీలు. పెన్నీని కదపకుండా దానికే పెసెవా అని పేరు పెట్టి, వంద పెసెవాలు ఒక సెడీ అన్నారు. అంటే పౌనుకు 2.4 సెడీలు. సంతలో పెన్నీకి అమ్మే సరుకు పెసెవాకు అమ్ముకోవచ్చు, చిల్లర దగ్గర పేచీ లేదు. ఈసారి నోట్ల మీదకు కూడా ఎన్‌క్రుమా వచ్చేశాడు.

ఎంతకాలం? 1966 ఫిబ్రవరి 24న, ఆయన హనోయ్‌కి బయల్దేరి పెకింగ్‌లో ఉండగా, సైన్యం, పోలీసులు కలిసి ప్రభుత్వాన్ని కూలదోశారు. అక్రాలో ఆయన విగ్రహం పడగొట్టారు. విగ్రహాన్నైతే ఒక్క రోజులో పడగొడతారు, ఊరూరా జేబుల్లో ఉన్న మొహాన్ని ఏం చేస్తారు? 1967లో కొత్త సెడీ తెచ్చారు. పాతవి 1.2 ఇస్తే కొత్తది ఒకటి. ఒక సెడీ నోటు మీద ఈసారి కాయలతో ఉన్న కోకో చెట్టు. ఇదే మన మూడో నోటు.

ఇక్కడ కాగితం, పెన్సిలు తీసుకోండి. పాత సెడీ వంద పెన్నీలు కదా, 1.2 అంటే 120 పెన్నీలు. అది అర పౌను, అంటే సరిగ్గా పది షిల్లింగులు! 1958 నాటి పచ్చ రంగు పది షిల్లింగుల నోటూ, 1967 నాటి నీలం సెడీ నోటూ లెక్కలో ఒక్కటే. మొదటిసారి ఈ లెక్క తేలినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఎన్‌క్రుమా 1972లో పరాయిదేశంలో, బుఖారెస్ట్‌లో పోయాడు. 2010లో ఘానా ఆయన బొమ్మతో రెండు సెడీల నోటు వేసింది. అది కూడా కొనుక్కోండి.

కొనేటప్పుడు తేదీ, సంతకం చూడండి. 1958 తేదీ ఉన్న నోటు మీద ఉండేది మొదటి గవర్నర్ ఆల్ఫ్రెడ్ ఎగిల్‌స్టన్ సంతకం. అలాంటిది దొరికితే పిన్నుల చిల్లులున్నా వదలొద్దు. పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి, కొన్నేళ్లకు వాటి జిగట కాగితానికి అంటుకుంటుంది.

మన ఊళ్ల నుంచి ఆఫ్రికా వెళ్లి పాఠాలు చెప్పి వచ్చిన మేష్టార్లున్నారు. మీ ఇంట్లో అలాంటి తాతగారో పెదనాన్నగారో ఉంటే, ఆయన పాత ట్రంకుపెట్టె ఒకసారి తీయించండి. నోట్లేమైనా బయటపడితే ఇస్త్రీ చెయ్యకండి, తడిగుడ్డతో తుడవకండి. మడతలు మడతల్లాగే ఉండనిచ్చి, ఎక్కడ, ఏ ఏడాది పుచ్చుకున్న డబ్బో ఆయన్నే అడిగి ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి.