నడిమి మెట్టు

వరంగల్లులో ఆజంజాహి మిల్లు 1934లో వెలిసింది. ప్రత్తిగా లోనికి వెళ్ళిన సరుకు బట్టగా వెలుపలికి వచ్చే సమగ్ర కర్మాగారం అది. చుట్టుపట్ల పల్లెల నుంచి వచ్చిన వేలాది మందికి అది జీతమొక్కటే ఇవ్వలేదు; సైరనుతో లేచే దినచర్యనూ, కార్మిక సంఘమనే ఊహనూ, పిల్లలను బడికి పంపాలన్న కోరికనూ ఇచ్చింది. 2002లో అది మూతపడింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1998 నవంబరులో, మాధాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది.

పొలం విడిచిన మనిషి కర్మాగారానికీ, అతని సంతానం కార్యాలయానికీ చేరడం ఇంగ్లండు మొదలు కొరియా దాకా నడిచిన దారి. భారతదేశం ఆ నడిమి మెట్టుపై నిలదొక్కుకోకుండానే పైమెట్టు ఎక్కింది. నేడు జాతీయోత్పత్తిలో సగానికి పైగా సేవారంగానిదే. వస్తూత్పత్తి వాటా మాత్రం దశాబ్దాలుగా 15, 17 శాతాల నడుమనే కదలాడుతున్నది. 2022 నాటికి దానిని 25 శాతానికి చేర్చాలని 2011 నాటి జాతీయ వస్తూత్పత్తి విధానం సంకల్పించింది. గడువు దాటింది, వాటా కదలలేదు.

కారణాలు దురూహ్యమైనవి కావు. సాఫ్ట్‌వేరు ఎగుమతికి రేవు అక్కరలేదు, రహదారి అక్కరలేదు. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ కల్పించిన ఉపగ్రహ సంబంధమూ, ఇంగ్లీషు చదివిన యువకులూ చాలు. చొక్కా కుట్టి అమ్మాలంటే భూమి, నిరంతర విద్యుత్తు, ఓడ అన్నీ కావాలి. పైగా దుస్తుల తయారీని 2000 సంవత్సరం దాకా చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించారు. చిన్నవారిని కాపాడాలన్న సదుద్దేశమే వారిని పెరగనీయలేదు. ఇదే కాలంలో బంగ్లాదేశ్ పెద్ద కుట్టు కర్మాగారాలు నెలకొల్పి, దాదాపు 40 లక్షల మందికి, అందులో అధిక సంఖ్యాకులైన స్త్రీలకు, పని చూపింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. బాలానగర్‌లోని ప్రభుత్వ ఔషధ కర్మాగారం ఐ.డి.పి.ఎల్. చివరకు నష్టాలలో కూరుకుపోయినా, అక్కడ పని నేర్చినవారు బయటకు వచ్చి నగరాన్ని మందుల తయారీ కేంద్రంగా మలచారు. 1970 నాటి పేటెంటు చట్టం వారికి తోడ్పడింది. లాభనష్టాల పట్టికలో ఈ విద్యాదానానికి గడి లేదు.

సేవారంగమనే మాటకూ కొంత మాయ ఉన్నది. గాజు మేడలో కూర్చున్న ఇంజనీరూ, ఆ మేడ ద్వారం వద్ద రాత్రంతా నిలబడే కాపలాదారూ, మోటారు సైకిలుపై అన్నం పొట్లాలు మోసే యువకుడూ గణాంకాలలో ఒకే పద్దు. 50 కోట్లకు మించిన శ్రామికులున్న దేశంలో సమాచార సాంకేతిక పరిశ్రమ నేరుగా ఆదుకున్నది అర కోటి మందికి కాస్త పైచిలుకు మాత్రమే. తక్కినవారికి చోటేది? వ్యవసాయంపై ఆధారపడినవారు 2018-19లో 42.5 శాతం, కరోనా కాలంలో పట్నాలు విడిచి పల్లెలు చేరినవారితో అది పెరిగి, 2022-23లోనూ 45.8 శాతంగా ఉన్నది. ఆ పొలం ఇంతమందికీ నిజంగా పని ఇవ్వగలదని ఏ రైతూ అనడు.

మిల్లు మూతపడడానికి ఎంతో ముందు నుంచే ఓరుగల్లు ప్రాంతపు నేతగాళ్ళు సూరత్‌కూ భివండీకీ వలస సాగించారు. వారిని తిరిగి రప్పించాలన్నది 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా జౌళి పార్కు ఆశయాలలో ఒకటి. సూరత్‌లో పుట్టి పెరిగిన వారి పిల్లలకు ఇప్పుడు ఓరుగల్లు చుట్టపుచూపు ఊరు. పార్కులోని కుట్టుమిషను ముందు కూర్చునే యువతికి ముట్టే నెల జీతం, మాధాపూర్ ద్వారపాలకుని జీతం కన్న ఎంత మెరుగో చూసుకున్న తరువాతనే ఆ పిల్లలు రైలు టిక్కెట్టు కొంటారు.