సీడీలో మిగిలిన పీర్ల పాటలు

అనంతపురం సీమలో మొహర్రం అందరి పండుగ. నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి పీరు ఎదుట హిందువులు, ముస్లిములు కలిసి మొక్కులు చెల్లించడం మనమెరిగినదే. మా పల్లెలోనూ గుండం చుట్టూ అడుగులు వేస్తూ పాడే పాటలు తెలుగు పాటలే. అయితే సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల ఇది. వేరుశనగ ఎండిన ప్రతి ఏడూ పాడే గొంతులు కొన్ని బెంగుళూరుకు, కేరళకు కూలికి తరలిపోయాయి. పెద్దలు కొందరు గతించారు. చివరకు ఆ పాటలు ఒక్క సీడీలో మిగిలాయి.

మా విద్యార్థులు దానిని లినక్స్ కంప్యూటరులో వేసి, ఫైళ్లేవీ కనబడక నిరాశ చెందారు. నిజానికి పాటల సీడీలో ఫైళ్లుండవు. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో కుదుర్చుకొన్న ప్రమాణం ప్రకారం, సెకనుకు 75 ఖండాలు, ఖండానికి 2,352 బైట్లు చొప్పున శబ్దం ఒకే చుట్టగా సాగుతుంది. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక మాత్రం ఆరంభంలో ఉంటుంది.

యూనిక్స్ సంప్రదాయంలో పరికరం కూడ ఒక ఫైలే. సీడీ డ్రైవును అలాగే తెరవాలి. కాని మామూలు 'రీడ్' ఆజ్ఞకు పాట అందదు. 1979 నాటి ఏడవ యూనిక్స్‌లో ప్రవేశించిన 'ఐఓసీటీఎల్' అనే ఆజ్ఞతో మొదట పట్టికను, పిదప శబ్దఖండాలను అడగాలి.

చిక్కు అక్కడే ఉంది. సమాచారపు సీడీలో ప్రతి ఖండం తలపైనా దాని చిరునామా ఉంటుంది. పాటల ఖండానికి అది లేదు. హద్దురాళ్లు లేని చేనిలో వలె, డ్రైవు కాస్త ముందో వెనుకో చదవనారంభించవచ్చు. కనుక చదివిన భాగం కొసను మరల చదివి, సరిపోలిన చోట అతకాలి. సీడీ పారనోయా అనే ఉచిత ప్రోగ్రాము పద్ధతి ఇదే. మా విద్యార్థులు ఆ పద్ధతిని సి భాషలో స్వయంగా వ్రాశారు. 11 పాటలలో 9 పూర్తిగా దక్కాయి. చివరి రెండూ ఉన్న వెలుపలి అంచు గీతలు పడి, చదివినప్పుడెల్లా వేరొక జవాబిచ్చింది.

కొత్త కంప్యూటర్లలో సీడీ డ్రైవులు అరుదయ్యాయి. కనుక పాత యంత్రమొకటి గ్రంథాలయంలో ఉంచవలసిందిగా కమిటీ పెద్దలకు మా విన్నపం. విద్యార్థి మిత్రులారా, మీ ఇండ్లలోని సీడీలను ఈ సెలవులలోనే వెదకి తీసుకొని రండి. ఎండకు, వేడికి ఇంట్లో నింపుకొన్న సీడీల రంగుపూత చెడుతుంది. అది చెడిన పిమ్మట ఏ ప్రోగ్రామూ ఆ గొంతులను తిరిగి తేలేదు.