అడుగుల వెనక లెక్క

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కితే అవతల భద్రాచలం. వానాకాలంలో ఈ ఊళ్లో అందరి నోటా గోదావరి మట్టం అడుగుల లెక్కే. 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి టీకొట్టు దగ్గర కూడా వినబడుతుంది. ఇలాంటి అంకెలు కంప్యూటర్లో ఎలా తయారవుతాయో చూడాలని వెళ్లాను.

కరకట్టకు దగ్గర్లోని ఒక గదిలో పరికరాల ఇంజనీరు ఒకాయన కొందరు కుర్రాళ్లకు శిక్షణ ఇస్తున్నాడు. బల్ల మీద డేటా లాగర్, ల్యాప్‌టాప్, రాడార్ సెన్సర్‌కు బదులు దాని కరెంటును అనుకరించే చిన్న పెట్టె.

"సెన్సర్‌కు అడుగులు తెలియవు సార్. వంతెన నుంచి నీళ్ల దాకా ఎంత ఖాళీ ఉందో అదొక్కటే చెబుతుంది. మిగతాదంతా మనం కట్టే లెక్క" అన్నాడు.

ఆ లెక్కకు సాఫ్ట్‌వేర్‌లో పేరు క్యాలిక్యులేటెడ్ ఛానెల్. వైరు మీద వచ్చేది ముడి ఛానెల్, దాని మీద సూత్రం పెట్టి పుట్టించేది ఇది. 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటు అంటే 0 నుంచి 30 మీటర్ల దూరం. ఆయన పెట్టె మీటను 12 దగ్గర పెడితే 15 మీటర్లు వచ్చింది. సెన్సర్ సముద్రమట్టానికి 65 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే నీళ్లు 50 మీటర్ల దగ్గరున్నట్టు. దాన్ని 3.28084తో గుణించి 107 తీసేశాడు. 57 అడుగులు!

ఆ 107 ఎక్కడిది? భద్రాచలానికి కేంద్ర జల సంఘం పెట్టుకున్న హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ఊరి లెక్కలో అదే 43. ప్రమాద మట్టం 48.77 మీటర్లు, అంటే 160 అడుగులు. ఊరికది 53. రెండు చోట్లా తేడా 107.

ఒక కుర్రాడు వైరు పీకాడు. తెర మీద నది 131 అడుగులకు లేచింది! కరెంటు సున్నా అయితే సూత్రం దూరాన్ని మైనస్ 7.5 మీటర్లుగా కట్టింది. అంటే నీళ్లు సెన్సర్‌నే ముంచేశాయన్నమాట. అందుకని కరెంటు 3.6 కన్నా తగ్గితే ఫలితం "చెల్లదు" అని రావాలని షరతు రాయించాడు. అక్కడ సున్నా చూపించినా అబద్ధమే.

తర్వాతిది గంటకు ఎంత పెరుగుతోందన్న ఛానెల్. సెకనుకో రీడింగ్ తీస్తే, 2 సెంటీమీటర్ల అల కూడా గంటకు 72 మీటర్ల పెరుగుదలగా కనబడుతుంది. కాబట్టి ముందు పావుగంట సగటు, ఆ తర్వాతే తేడా. ఈ వరస తప్పితే అలారం రోజంతా మోగుతూనే ఉంటుంది.

ప్రవాహం లెక్క ఇంకా చిక్కు. 43 అడుగుల దగ్గర సుమారు 9 లక్షల క్యూసెక్కులు పోతే, 53 దగ్గర సుమారు 14 లక్షలు. మట్టం పావువంతు కూడా పెరగకుండానే ప్రవాహం సగానికి పైగా పెరిగింది. నది లోతుతో పాటు వెడల్పూ వేగమూ పెరుగుతాయి కదా, మామూలు గుణకారం చాలదు. వేర్వేరు మట్టాల్లో ప్రవాహాన్ని కొలిచి గీసిన వక్రరేఖ కావాలి. దిగువన కూనవరం దగ్గర శబరి పోటెత్తితే గోదావరి నిదానిస్తుంది. అప్పుడు మట్టం అంతే ఉన్నా ప్రవాహం తగ్గుతుంది, రేఖ చెప్పే అంకె ఎక్కువవుతుంది.

"మరి దేన్ని నమ్మాలి?" అని అడిగాను.

ఆయన చివరి ఛానెల్ తెరిచాడు. ఘాట్ దగ్గరి స్కేలును మనిషి కళ్లతో చూసి నమోదు చేసే మట్టం నుంచి కంప్యూటర్ మట్టాన్ని తీసేయడమే దాని పని. తేడా పెరుగుతూ పోతే సెన్సర్ కదిలిందో, ఎవరైనా సూత్రం మార్చారో వెతకాలి. ముడి రీడింగులు చెరపకుండా ఉంచితే, సూత్రం దిద్ది పాత వరదనంతా మళ్లీ లెక్క కట్టుకోవచ్చు. అడుగులు మాత్రమే దాచుకున్నవాళ్లకు ఆ వీలు ఉండదు.