కారు లీజు కబుర్లు

అమెరికాలో కొత్త కారు కొనాలా, లీజుకి తీసుకోవాలా అని మా ఇంట్లో నెల రోజులు చర్చ. వీసా ఉన్నదే 3 ఏళ్ళు, 5 ఏళ్ళ లోనెందుకని మావారు. నెలనెలా కట్టి చివరికి కారు వాళ్ళకే ఇచ్చేయాలా అని నేను!

సరే, లెక్క నేనే వేశాను. ఏడాదికి 10,000 మైళ్ళన్నారు. ఆఫీసు, స్కూలు, పాప సంగీతం క్లాసు, ఇండియన్ స్టోరు, గుడి కలిపితే 11,500 తేలింది. మించితే మైలుకి 25 సెంట్లు. అందుకే 12,000 మైళ్ళ చొప్పున 36 నెలలకి తీసుకున్నాం.

డౌన్ పేమెంటు మాత్రం వద్దన్నాను. యాక్సిడెంటులో కారు పూర్తిగా పోతే ఆ డబ్బు మామూలుగా తిరిగి రాదు. నెల వాయిదా కాస్త పెరిగినా ఫర్వాలేదు.

వీసా పొడిగిస్తే అప్పుడు సొంత కారు. లేదంటే తాళాలిచ్చేసి ఊరికి ప్రయాణం.